యాత్రికుని చేతి ఆరోగ్యపత్రము

వేసవి ముదిరి, కపిలతీర్థపు జలధార సన్నగిల్లి, శేషాచలపు బండలు అర్ధరాత్రము దాటినను వేడిమి విడువని దినములలో, తిరుపతి పట్టణమునందు తాతయ్యగుంట గంగమ్మ జాతర సమీపించినప్పుడు, మంగళవారపు రాత్రి ఊరి పొలిమేరలలో చాటింపు వేయు ఆచారము తరతరములుగా వచ్చుచున్నది. ఆ చాటింపు చెవిని బడిన పిమ్మట జాతర ముగియువఱకు ఊరివారు పొలిమేర దాటి అన్యత్ర రాత్రి గడపరాదు. పొరుగూరివారు ఊర రాత్రి నిలువరాదు. ఎంతటి చుట్టమైనను ప్రొద్దు గూకకమునుపే సాగనంపవలసినదే. మశూచిని, తట్టును, ఆటలమ్మను, వేసవిలో పిల్లలను పట్టి పీడించు జ్వరములను శమింపజేయు తల్లిగా గంగమ్మను కొలిచి, వేపమండలు కట్టి, అంబలి పోయు ఈ జనులు, ఆమె పూజకు ఊరి రాకపోకల కట్టడిని జతచేసికొనుట యాదృచ్ఛికమని నేను తలంపను. ఇది ఏ దొరయు వ్రాయని శాసనము. ఏ కాగితమును అడుగని నిబంధన. అన్నిటికంటె ముఖ్యముగా, ఊరు మొదట తన్ను తాను కట్టుకొని, పిదపనే పరులను నిలిపిన నియమము. మోతుబరికిని కూలివానికిని అందులో భేదము లేదు.

కోవిడు ప్రబలిన యేండ్లలో విదేశయానము చేయదలచిన మన చిత్తూరు జిల్లావాసులు, పరీక్షాఫలము ఎన్ని గంటలనాటిదై యుండవలెను, ఏ టీకా ఏ దేశమున చెల్లును, రెండవ మోతాదునకును ప్రయాణమునకును నడుమ ఎన్ని దినములు గడువవలెను అను ప్రశ్నలతో తలమునకలై, ఇట్టి చిక్కు లోకమున మున్నెన్నడును పుట్టలేదని విస్మయపడిరి. పుట్టినది, పలుమాఱు పుట్టినది, చిత్తూరు సీమలోనే దానికి చిరకాలపు చరిత్ర కలదు. విహారార్థము దేశాంతరములకు పోవు అలవాటు మనకు నిన్న మొన్నటిది. ప్రయాణికుని దేహమును తనిఖీ చేసి, చేతికొక పత్రమిచ్చి, ఆ పత్రము లేనిదే దారి విడువని పద్ధతి మాత్రము అంతకు చాల ముందే, తీర్థయాత్రికులకును ఓడలెక్కిన కూలీలకును తగులుకొన్నది. ఆ పద్ధతి ఎప్పుడు ఎవరిపై ఎట్లు పడినదో తెలిసికొననిదే నేటి నిబంధనల గుణదోషములు మనకు స్పష్టపడవని నా నమ్మకము.

మన చిత్తూరు ప్రాంతము చేరియుండిన ఆర్కాటు నవాబు సీమ 1801లో ఈస్టిండియా కుంఫిణీ పరమైనది. తిరుమల ఆలయపు ఆదాయవ్యయములు సైతము కలెక్టరు లెక్కలలోనికి వచ్చినవి. 1843లో హాథీరాంజీ మఠపు మహంతులకు పెత్తనము నప్పగించువఱకు ఆ స్థితియే సాగెను. సీమ చేతులు మాఱిన మఱుసటి యేడే, జెన్నర్ 1796లో ఇంగ్లండున కనుగొనిన గోమశూచి టీకా 1802 జూన్‌లో బొంబాయి రేవు చేరి, ఒక బిడ్డ దండచేతి పొక్కునుండి మఱియొక బిడ్డ దండచేతికి ప్రాకుచు మద్రాసు రాజధానికి వచ్చెను. ఈ క్రొత్త మందును ప్రజలు శంకించుట చూచి, మద్రాసు కొలువులోనుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొర శక్తికిని ధన్వంతరికిని సంవాదముగా ఒక కథను కల్పించి, గోవు పొదుగున పుట్టిన ఆ రసము అమ్మవారి అనుగ్రహమేనని అందు చెప్పించెను. తెలుగు మొదలగు దక్షిణభాషలు సంస్కృతజన్యములు గాక వేఱొక కుటుంబమునకు చెందినవని 1816లో ప్రతిపాదించినవాడు ఈ ఎల్లిసే. అతని కథను కపటమని నిందించిన పండితులున్నారు, నేను నిందింపజాలను. ప్రజల మనస్సులో వ్యాధికిని అమ్మకును గల సంబంధమును త్రెంపక, ఆ సంబంధము గుండనే మందును పంపవలెనని తలచుటకు వారి మనస్సును ముందుగా తెలిసికొనవలయును గదా! తరువాతి అధికారులలో ఆపాటి ఓపిక అరుదు.

మన యెండలకు టీకారసము దారిలోనే చెడిపోవుట చిరకాలము పెద్ద ఆటంకముగా నుండెను. మద్రాసు సానిటరీ కమిషనరు డబ్ల్యు. జి. కింగ్ ఆ రసమును గొఱ్ఱెయున్ని జిడ్డైన లానోలిన్‌తో కలిపి నిలువజేయు విధమును రూపొందించెను. దూడలపై రసమును పండించు కేంద్రము గిండీలో 1899లో మొదలై, 1905 నాటికి ఆయన పేరనే కింగ్ ఇన్‌స్టిట్యూటుగా వెలసెను. రాయలసీమ పల్లెలలో మన తాతముత్తాతల దండచేతులపై మిగిలిన గుండ్రని మచ్చలకు మూలము ఆ గిండీ దూడలే.

మశూచికై ప్రయాణికుని దారిలో నిలుపవలెనని నాటి ప్రభుత్వమునకు అంతగా తోపలేదు. ఆ ఆలోచనను పుట్టించినది కలరా. 1866లో కాన్‌స్టాంటినోపిల్ నగరమున కూడిన అంతర్జాతీయ ఆరోగ్యసభ, ఈ వ్యాధికి పుట్టినిల్లు హిందూదేశమనియు, మక్కా యాత్రికులును హైందవ తీర్థయాత్రికులును దానిని మోసికొనిపోవుచున్నారనియు తేల్చెను. మఱుసటి యేడే హరిద్వార కుంభమేళ వెంబడి ఉత్తరాదిన కలరా విజృంభించుటచే ఆ మాటకు బలము చేకూరెను. నాటినుండి యాత్రికుడు అధికారి కన్నులకు భక్తుడుగా గాక వ్యాధివాహకుడుగా కనబడజొచ్చెను. అదే దశకమున మద్రాసు రైలుమార్గము రేణిగుంట మీదుగా సాగెను. నెలల తరబడి నడచి వచ్చు యాత్రికులకు తోడు, రెండు దినములలో దిగు యాత్రికులును పెరిగిరి. వారు సత్రములలో దిగి, కోనేళ్ల నీరు త్రాగి, కాలినడకను కొండ యెక్కుచుండిరి. నడువలేనివారు డోలీలలో పోవుచుండిరి. కలరా నీటివెంట నడచునని 1854లో లండనున జాన్ స్నో చూపెను. 1883, 84 సంవత్సరములలో రాబర్ట్ కాఖ్ ఈజిప్టులోను కలకత్తాలోను ఆ క్రిమినే పట్టి చూపెను. అయినను ప్రతి తీర్థమునకు శుద్ధజలము సమకూర్చుటకంటె యాత్రికుని నిలిపి చూచుట చౌక గనుక, ప్రభుత్వము చిరకాలము ఆ రెండవ దారినే ఎక్కువగా త్రొక్కెనని నా అభిప్రాయము. రోగము నీటిలో నున్నప్పుడు నిబంధన మనుష్యునిపై పడుట ఎంతటి అన్యాయము!

పత్రము చేతికి వచ్చినది ప్లేగు కాలమున. 1896లో బొంబాయిలో ఆ మహామారి పుట్టగా, 1897 ఫిబ్రవరి 4న నాలుగే సెక్షన్లు గల అంటువ్యాధుల చట్టమొకటి వెలువడెను. ఆ కొద్ది పంక్తులలోనే, ఓడలను, రైలు ప్రయాణికులను నిలిపి తనిఖీ చేయుటకును, అనుమానితులను వేఱుపఱచుటకును, చాలినంత అధికారము ప్రభుత్వమునకు సంక్రమించెను. 1898 ఆగస్టులో హుబ్లీనుండి రైలు వెంట ప్లేగు బెంగుళూరు చేరినది. బెంగుళూరు మన పడమటి తాలూకాలకు పొరుగు. పలమనేరు సంతకును పుంగనూరు సంతకును అటునుండి వర్తకులు రాని వారము లేదు. మద్రాసు ప్రభుత్వము ప్లేగు పాస్‌పోర్టు అను పద్ధతిని అమలు పఱచెను. వ్యాధి సోకిన ప్రాంతమునుండి వచ్చువాని పేరు, తండ్రిపేరు, ఊరు, పోవు చోటు వ్రాసికొని పత్రమొకటి యిచ్చి, అతడు చేరిన యూర పది దినములపాటు ప్రతిదినము అధికారి యెదుట కనబడవలెనని విధించిరి. ప్లేగు దేహమున పొంచియుండు కాలమునుబట్టి ఏర్పడిన లెక్క అది. విధానమునకు శాస్త్రము లేకపోలేదు. మనిషిని నిర్బంధశాలలో పడవేయుటకంటె, అతనిని నమ్మి ఇంటికి పంపి కనిపెట్టియుండుట మేలు గదా యని వాదించినవారి మాటయందు వివేకమును కలదు.

కాని రైలు స్టేషనులలో చంకలయందును గజ్జలయందును గడ్డలున్నవేమోయని తడవి చూచు పద్ధతియు, పరాయి పురుషులు స్త్రీలను తాకుటయు, ఇండ్లలో చొరబడి సామాను తగులబెట్టుటయు దేశమంతట కలిగించిన క్షోభ సామాన్యమైనది కాదు. పూనాలో ప్లేగు అధికారి ర్యాండ్‌ను 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్చుటకు ఆ క్షోభయే కారణము. అదే యేడు జనవరి 10న వాల్డెమార్ హాఫ్కిన్ బొంబాయిలో తాను సిద్ధపఱచిన ప్లేగు టీకాను ముందుగా తన దేహమునకే ఎక్కించుకొనెను. టీకా వేయించుకొన్నట్లు పత్రము చూపినవారికి నిర్బంధములనుండి కొంత సడలింపు నిచ్చు పద్ధతియు ఆ కాలముననే మొదలైనది. టీకాపత్రము ఉన్నవానికొక దారి, లేనివానికొక దారి అను విభజన కోవిడునాటి వింతగా మనకు తోచినది గాని, దాని వయస్సు నూఱేండ్లు దాటినది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోవిడు నిబంధనలను ప్రకటించినదియు ఆ 1897 చట్టము ననుసరించియే.

ఇక సముద్రము దాటినవారి సంగతి. చిత్తూరు 1911 ఏప్రిల్ 1న స్వతంత్ర జిల్లాగా ఏర్పడువఱకు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. 1860 మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నేటాలు చెఱకుతోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన దక్షిణాదివారిలో ఉత్తరార్కాటువారు పెక్కుమంది. అందు మన తెలుగు తాలూకాల బిడ్డలు కూడ ఉండిరి. మద్రాసు డిపోలో వైద్యుడు వారి దేహములను పరీక్షించి, పనికి తగుదురని వ్రాసినపిమ్మటనే ఓడ యెక్కనిచ్చిరి. 1860 అక్టోబరు 12న మద్రాసున బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బను చేరెను; పది దినములకు కలకత్తానుండి వచ్చిన బెల్విడీర్ ఓడలో కలరా ఉండుటచే, ఆ కూలీలు క్రొత్త నేలపై తొలుత చూచినది నిర్బంధశాలనే. కరవున పొట్ట చేతబట్టుకొని పోయిన ఆ నిరక్షరాస్యులకు పత్రముపై వ్రాసినదేమో తెలియదు. అది లేనిదే తిండి లేదని మాత్రము తెలియును.

సింహళపు తేయాకు తోటలకు పోయినవారికి మండపము క్యాంపు ఉండెను. రామేశ్వరపు దారిలో, మన దేశపు నేలమీదనే, సింహళ ప్రభుత్వము నడపిన ఆ శిబిరమున కూలీలును మూడవ తరగతి ప్రయాణికులును ప్రధానముగా నిలుపబడి, టీకాలు వేయించుకొని, బట్టలకు ఆవిరి పట్టించుకొని, కొన్ని దినములు గడపిన మీదటనే ఓడ యెక్కుచుండిరి. హజ్జునకు ఓడపై పోయిన ముస్లిము సోదరులకు ఎఱ్ఱసముద్రపు ముఖద్వారమున కామరాన్ దీవి ఇట్టిదే; 1882 మొదలుకొని అక్కడ దిగి, స్నానము చేసి, దుస్తులను శుద్ధి చేయించుకొని, గడువు గడచినగాని జెడ్డా దారి పట్టుటకు వీలులేకుండెను. గంగమ్మ చాటింపునకు తరతమభేదము లేదని మొదట చెప్పితిని. ఈ శిబిరములలో నిబంధన పేదవాని దేహముపై ఒకరీతిగను, పై తరగతివాని దేహముపై మఱియొకరీతిగను పడెను. సూక్ష్మక్రిమికి టిక్కెట్టు తరగతి తెలియకపోయినను, దానిని అడ్డగించు అధికారికి తెలిసెను.

దేశమున మొదటి సమగ్ర ప్రజారోగ్య శాసనముగా చెప్పదగినది 1939 నాటి మదరాసు ప్రజారోగ్య చట్టము. అందులో ఉత్సవములకును తిరునాళ్లకును ప్రత్యేక విధులు ఏర్పడినవి: నీరు, మఱుగుదొడ్లు, వైద్యుడు, వ్యాధిగ్రస్తులకు వేఱు స్థలము, వీటన్నిటి బాధ్యత ఉత్సవము జరిపించువారిపై నుంచబడెను. యాత్రికునిపైననే బరువు మోపిన పాత దృష్టికంటె ఇది ఎంతయో మేలైన దృష్టి. అప్పటికి మహంతుల పెత్తనము పోయి, 1933 చట్టముచేత తిరుమల తిరుపతి దేవస్థానముల పాలక వ్యవస్థ ఏర్పడియున్నది. 1944లో మొదటి ఘాటురోడ్డు తెఱువబడి, మోటారుబండి కొండ యెక్కెను. తిరునాళ్లలో కలరా సూదిమందు వేయించుకొని, రెండు దినములు చేయెత్తలేక బాధపడినవారు నా చిన్ననాట ప్రతి యింటను ఉండిరి. బాధపడినను, ఆ సూదిని దూషించినవారు తక్కువ. ఏలనన మందు పెట్టె పట్టుకొని వైద్యసిబ్బంది తిరునాళ్లకే వచ్చెడివారు, రుసుము అడిగెడివారు కారు, చీటీ అక్కడికక్కడే చేతికి వచ్చెడిది.

ఈ సీమ ఇతరుల నిబంధనలకు లోబడుట మాత్రమే గాక, టీకాశాస్త్రమునకు తానును కొంత ఇచ్చినది. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో స్థిరపడిన క్షయ చికిత్సాలయము, డేన్మార్కునుండి వచ్చిన ఫ్రిమోట్‌మొల్లర్ వైద్యుని నిర్వహణలో దక్షిణాదికంతటికి పేరుగాంచెను. స్వతంత్రము వచ్చిన మఱుసటి యేడు, 1948 ఆగస్టులో, దేశమున బి.సి.జి. టీకా కార్యక్రమము మొదలైనది ఆ మదనపల్లె యందే. 1955లో రాజాజీ ఆ టీకాను తీవ్రముగా వ్యతిరేకించి పుస్తకము వ్రాసినప్పుడు, పక్షప్రతిపక్షముల వాదము దేశమంతట చెలరేగెను. అంతటి పెద్దమనిషి శంకించినను, ప్రభుత్వము శంకించినవారి నోరు మూయింపక, పని మానుకొనక, రెంటిని సాగనిచ్చుట ఆ తరమునకు గౌరవము తెచ్చిన విషయము.

విదేశయానమునకు అంతర్జాతీయ టీకాపత్రము స్థిరరూపము దాల్చినది 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఆరోగ్య నియమావళి మూలమున. మశూచి, కలరా, పచ్చజ్వరము, ఈ మూడింటి టీకాల వివరములు పసుపుపచ్చని చిన్న పుస్తకమున వైద్యుని ముద్రతో ఎక్కించి, పాస్‌పోర్టుతోపాటు చూపవలసియుండెను. 1965 పిమ్మట అమెరికా తలుపులు తెఱచినప్పుడు పోయిన తెలుగు వైద్యులును ఇంజనీర్లును ఆ పుస్తకమును పదిలముగా దాచుకొని పోయినవారే. కలరా టీకా వ్యాప్తిని అరికట్టజాలదని తేలుటచే 1973లో ఆ పత్రపు నిబంధన తొలగెను. మశూచి లోకమునుండి నశించినదని 1980 మే 8న ప్రకటింపబడగా, మఱుసటి యేడు ఆ పత్రమును అంతరించెను. పిమ్మట నలువది యేండ్లు వీసా చింత, టిక్కెట్టు చింత తప్ప మన ప్రయాణికులకు టీకా చింత దాదాపు లేకుండెను. ఆ నలువది యేండ్లలోనే తిరుపతి పిల్లలు చదువులకు అమెరికాకును, పీలేరు, మదనపల్లె, రాయచోటి, రాజంపేటల జనము బ్రతుకుతెఱువునకు కువైట్‌కును వేలాదిగా తరలిరి. బిడ్డలను చూచుటకు పోవు తలిదండ్రులును, సెలవులలో సింగపూరు, దుబాయి చూచివచ్చు కుటుంబములును బయలుదేరిరి. ఒక తరము మఱచిన పాఠమును మఱియొక తరము ఒక్కసారిగా నేర్చికొనవలసివచ్చెను.

ఆంధ్రప్రదేశమున మొదటి కోవిడు కేసు 2020 మార్చిలో నెల్లూరున, ఇటలీనుండి వచ్చిన విద్యార్థియందు కనబడెను. చిత్తూరు జిల్లాలో మొదటిది శ్రీకాళహస్తిలో, లండనునుండి వచ్చిన యువకునియందు. వ్యాధి విమానమెక్కి వచ్చినది. మార్చి 20 మొదలుకొని తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచిపోయెను. అర్చకస్వాములు ఏకాంతముగా నిత్యకైంకర్యములు నడపిరి. ఎనుబది దినములకు, జూన్ 8న, ఉద్యోగులతో మొదలై, 11 నుండి సామాన్యభక్తులకు, దినమునకు ఆఱువేలమందికి మాత్రము, దర్శనము కలిగెను. జూలై నాటికి దాదాపు 140 మంది దేవస్థానపు ఉద్యోగులకు వ్యాధి సోకెను. వారిలో 14 మంది అర్చకులు. పూర్వ ప్రధానార్చకులు శ్రీనివాసమూర్తి దీక్షితులవారు జూలై 20న పరమపదించిరి. యాత్రికులు దిగు శ్రీనివాసము, విష్ణునివాసము వంటి వసతిగృహములు రోగులకు శయ్యలైనవి. ఆ సంవత్సరమును, మఱుసటి సంవత్సరమును బ్రహ్మోత్సవములు మాడవీథులలో గాక ఆలయములోపలనే ఏకాంతముగా జరిగెను. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు సరఫరా ఆలస్యమై 11 మంది మరణించినట్లు ప్రభుత్వము ప్రకటించెను. నిబంధనలనుగూర్చి మాటలాడునప్పుడు ఆ రాత్రిని మఱవరాదు. ఆ నిబంధనలు ఎవరి ప్రాణములకొఱకు పుట్టినవో ఆ రాత్రియే చెప్పును.

విదేశములకు పోవువారి చిక్కులు అప్పటికే మొదలైనవి. ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష నమూనా ఇచ్చిన క్షణపు స్థితిని మాత్రమే చెప్పును. నిన్న సోకిన వ్యాధి నేటి పరీక్షలో కనబడకపోవచ్చును. తగ్గిపోయిన వ్యాధి శకలములు వారముల తరబడి కనబడవచ్చును. అందుచేతనే దేశములు గంటలను లెక్కించెను. మన దేశమునకు వచ్చువారికి ప్రయాణమునకు ముందు 72 గంటలలోపలి పరీక్ష కావలెను. అమెరికా మొదట మూడు దినములని, 2021 డిసెంబరు 6 నుండి ఒక్క దినమేయని తగ్గించెను. వ్యాధినుండి కోలుకొన్నవారు తొంబది దినములలోపలి రోగనిర్ధారణ పత్రమును, వైద్యుని లేఖను చూపినచో పరీక్ష అక్కఱలేకుండెను. దుబాయి మొదలగు ఎమిరేట్లకు 48 గంటలలోపలి పరీక్ష చాలక, 2021 ఆగస్టునుండి విమానమెక్కుటకు ముందు కొద్ది గంటలలో విమానాశ్రయముననే మఱియొక సత్వర పరీక్ష అవసరమయ్యెను. తిరుపతినుండి పోవువాడు చెన్నైకో బెంగుళూరుకో చేరి విమానమెక్కవలసినవాడు. గంట నమూనా ఇచ్చినప్పటినుండి నడచునా, ఫలితము వచ్చినప్పటినుండి నడచునా యను సందేహము తీరునంతలో గడువే దాటిపోయి, తిరిగి రుసుము కట్టినవారు కొల్లలు.

టీకా కథ మఱింత క్లిష్టము. 2021 జనవరి 16న మన దేశమున టీకాలు మొదలైనవి. మే నెలలో కోవిషీల్డు రెండు మోతాదుల నడుమ గడువును పండ్రెండు మొదలు పదునాఱు వారములకు పెంచిరి. ఆగస్టు, సెప్టెంబరులలో విశ్వవిద్యాలయములు తెఱచునాటికి రెండవ మోతాదు దొరకదని విద్యార్థులు కలవరపడగా, చదువులకు, ఉద్యోగములకు, ఒలింపిక్ క్రీడలకు పోవువారికి 28 దినములకే రెండవది వేయవచ్చునని జూన్‌లో కేంద్రము సడలించెను. పత్రముపై పాస్‌పోర్టు సంఖ్య నెక్కించు వీలును ఆ నెలలోనే కలిగించిరి. కాని తెలుగువాని పేరుతో వేఱొక తంటా: ఆధారులో ఇంటిపేరు ఒక్క పొడియక్షరము, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టీకాపత్రము ఆధారును బట్టి, విమానాశ్రయపు అధికారి చూపు పాస్‌పోర్టును బట్టి. పేరు సవరించుకొనుటకై మీసేవ కేంద్రముల చుట్టు తిరుగని విద్యార్థి లేడన్నను అతిశయోక్తి గాదు. పత్రముపై పుట్టినయేడు మాత్రమే యుండుట చాలదని బ్రిటను పట్టుబట్టుటచే, ఆ యేటి చివరలో పూర్తి జన్మతేదీయు చేరెను.

హైదరాబాదు చెంతనే తయారైన కోవాక్సిన్‌ను నమ్మకముతో వేయించుకొన్న మన తెలుగువారే అందఱికంటె ఎక్కువగా నష్టపోయిరి. 2021 నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని గుర్తించువఱకు, పెక్కు దేశముల దృష్టిలో వారు టీకా వేయించుకొననివారే. కోవిషీల్డు ఆక్స్‌ఫర్డులో పుట్టిన మందే అయినను, ఐరోపా సమాఖ్య జూలైలో తెచ్చిన డిజిటలు పత్రపు జాబితాలో మొదట దానికి చోటు లేదు. బ్రిటను అక్టోబరు 11న గాని భారతీయ పత్రమును ఒప్పుకొనలేదు. మందు ఒక్కటే, ముద్ర వేఱు. కువైట్ ఆ యేటి ఫిబ్రవరిలో విదేశీయులకు తలుపులు మూసి, ఆగస్టు 1 నుండి తాను గుర్తించిన టీకాలు వేయించుకొన్నవారినే రానిచ్చెను. సెలవుకు వచ్చి నెలల తరబడి చిక్కుకొని, కొలువు గడువు తీరిపోవుచుండగా, ఏ టీకా వేయించుకొనవలెనో తెలియక పీలేరు, రాయచోటి వీథులలో అడిగి తిరిగిన ఇంటిపనివారును డ్రైవర్లును నాటి నేటాలు కూలీలకు మనుమలవంటివారే యని నాకు తోచును. విహారమునకు పోవువాడు ప్రయాణము మానుకొనగలడు. వీరికి మానుకొనుట అనునది లేదు.

2021 సెప్టెంబరులో దేవస్థానమువారు, సర్వదర్శనపు టోకెన్లను ఆన్‌లైనులోనికి మార్చుచు, రెండు మోతాదుల టీకాపత్రమో, దర్శనమునకు ముందు మూడు దినములలోపలి పరీక్షలో వ్యాధి లేదను పత్రమో చూపనిదే కొండ యెక్కనీయమని ప్రకటించిరి. కొండ పాదమున నున్న అలిపిరిలో విమానాశ్రయపు నిబంధనయే వెలసినట్లయ్యెను. ఈ నియమమును నేను మనసార సమర్థింతును. వేలాది జనము మూసిన వరుసలలో గంటల తరబడి నిలుచు చోట, అర్చకులను సిబ్బందిని అంతగా పోగొట్టుకొన్న పిమ్మట, మఱియొక దారి లేదు. టీకా మన గ్రామ సచివాలయములలోను ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోను ఉచితముగా వేసిరి; ఆ మాత్రమున ఈ నిబంధన మండపము క్యాంపుకంటె న్యాయమైనది. అయినను స్మార్టుఫోను లేని పల్లెటూరి వృద్ధుడు, టోకెను సంగతి తెలియక మ్రొక్కుబడి మూటతో బస్సు దిగినప్పుడు, వానిని త్రిప్పి పంపుట నా మనస్సును నేటికిని కలచును. తిరునాళ్లలోవలె, దిగినచోటనే టీకాయు పరీక్షయు చీటీయు అతనికి దొరకియుండవలసినది.

పిదప నిబంధనలు ఒకటొకటిగా తొలగెను. అమెరికా 2022 జూన్‌లో పరీక్షను, 2023 మేలో టీకాపత్రమును మానివేసెను. మన దేశము, విదేశములనుండి వచ్చువారు నింపవలసిన ఎయిర్ సువిధ ఫారములను 2022 నవంబరులో తీసివేసి, చైనాలో వ్యాధి మఱల ప్రబలగా 2023 జనవరిలో ఆఱు ప్రాంతములనుండి వచ్చువారికి పరీక్షను తిరిగి విధించి, ఫిబ్రవరిలో దానిని వదలెను. హజ్జు, ఉమ్రాలకు పోవువారికి మెదడుపొరల వాపును నివారించు మెనింజైటిస్ టీకా నేటికిని తప్పనిసరి. కెన్యా, నైజీరియా మొదలగు ఆఫ్రికా దేశములకు పోవువారికి పచ్చజ్వరపు టీకా కావలెను. దానిని ప్రయాణమునకు కనీసము పది దినములు ముందుగా వేయించుకొన్నగాని పత్రము చెల్లదు. 2016 నుండి ఒక్క మోతాదే జీవితాంతము చాలును. అది లేక ఆ దేశములనుండి తిరిగి వచ్చినవానిని మన విమానాశ్రయమున ఆఱు దినములవఱకు వేఱుగా నుంచు అధికారము ప్రభుత్వమునకు కలదు. చిత్తూరు, తిరుపతివారు ఆ సూదికొఱకు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు పోవచ్చును. పాస్‌పోర్టును వెంట తీసికొనిపోవలెను, పేరు అందున్నట్లే పుస్తకమున వ్రాసిరో లేదో అక్కడనే సరిచూచుకొనవలెను.